కాగితం అడుగున మసి

దయ్యాలంటే నాకు నవ్వే. మాది చర్చికి పోయే ఇల్లు, పైగా నేను వాగుడుకాయను. నా మాటలకు దయ్యాలే పారిపోతాయని మా అవ్వ అంటుంది. అందుకే ఇది చెబితే మా ఇంట్లోనే ఎవరూ నమ్మలేదు.

మంచిర్యాలలో ఒక ఆఫీసు డాబా మీద దుమ్ము కొలిచే మిషన్ ఉంది. అది పైనుంచి గాలి గుంజుతుంది, దుమ్మంతా తెల్లటి కాగితం మీద పడుతుంది. ఆ కాగితం కరీంనగర్ ల్యాబుకు పోతుంది. దుమ్ములో ఇనుమెంత, సీసమెంత, గంధకమెంత అని అక్కడి సార్ చూస్తారు. పదో తరగతితో ఆపేసిన నా పనల్లా కాగితం మార్చడం.

పోయిన ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. కొత్త కాగితం పెట్టి మిషన్ ఆన్ చేశాను. రయ్యిమంది. గుడ్డ కోసం మెట్లపైనున్న చిన్న గదిలోకి వచ్చానో లేదో, సుడిగాలికి డాబా వైపు ఇనుప తలుపు ధడేల్మంది. బయటి గొళ్ళెం పడిపోయింది. కిందికి పరిగెత్తితే అక్కడి తలుపుకు తాళం. వాచ్‌మన్ మల్లయ్య తాత నేను వెళ్ళిపోయాననుకుని అన్నానికి పోయాడు. నా ఫోన్ కింద చార్జింగ్‌లో ఉంది.

మళ్ళీ పైకొచ్చాను. కిటికీ లేదు. నెత్తిమీద రేకులు. తలుపు బాదితే చేతులు కాలాయి. అరిచి అరిచి గొంతు పోయింది. కాసేపటికి చెమట కూడా ఆగిపోయింది, ఊపిరి అందడం లేదు. ఇక ఇక్కడే పోతాననిపించింది. చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన ప్రార్థన సగంలో మర్చిపోయాను.

కూలబడ్డాక తెలిసింది, ఇనుప తలుపు కింది సందులోంచి గాలి వస్తోంది. ఆ ఎండలో చల్లటి గాలి, కొంచెం బొగ్గు వాసన. బయట మిషన్ రయ్యిమంటూనే ఉంది. ముక్కు ఆ సందుకు ఆనించి పడుకున్నాను.

"ఓ బిడ్డా! గీ పొయ్యిల ఏం జేస్తున్నవే? సచ్చిపోదువు గద!" తాత కింది తాళం తీసి పైకొచ్చి నా నెత్తిన నీళ్ళు గుమ్మరించాడు.

"మిషిన్ గాలి తగిలింది తాతా, గందుకే బతికిన."

"ఎండకు నెత్తి ఖరాబైందా? నేను తాళమేసినప్పుడే కరెంటు పాయె. ఇంకా రాలే."

తాత తలుపు పక్క సందులో ఊచ పెట్టి బయటి గొళ్ళెం లేపాడు. మిషన్ చప్పుడు లేకుండా నిలబడి ఉంది. ఎంతసేపు నడిచిందో చూపే మీటరు కదిలీ కదలనట్టుంది. కాగితం నేను పెట్టినట్టే నంబరున్న వైపు పైకే ఉంది, తెల్లగా ఉంది. పట్టకారుతో ఎత్తి తిప్పాను. అడుగంతా నల్లటి మసి.

కింది నుంచి ఎవరో ఊదినట్టు.

తర్వాత ల్యాబు నుంచి సార్ ఫోన్ చేశారు. "ఏం రూతూ, నిద్రల పెట్టినవా కాగితం? ఇనుము, సీసం, గంధకం అన్నీ ఉన్నయ్, గాని ఎనుక దిక్కు! ఉల్టా పెట్టినవ్."

"అవ్ సార్, ఉల్టా పెట్టిన" అన్నాను. ఇంకేం చెప్పను?

ఆ గాలి రాకపోతే నేను లేను. కరెంటు లేని మిషన్, గుంజడం తప్ప ఊదడం తెలియని మిషన్, నాకోసం ఎలా ఊదిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.