నా తరఫు సాక్షి

నా విడాకుల కేసులో నా తరఫున సాక్షి ఒక్కరే. ఆమె మా అత్త. నా మొగుణ్ణి కన్నతల్లి.

మొదట మా వకీలు నమ్మలేదు. ఆయనది వేలూరు దగ్గర అణైకట్ వైపు రైతుల ఇల్లు. మాలాగే ఇంట్లో తెలుగు, బయట తమిళం. పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి, "ఏమ్మా, కొడుకు మింద తల్లి వచ్చి చెప్తాదా? కోర్టు మెట్లు ఎక్కినంక నోరు పెగలదు, చూడు" అన్నాడు. ఆయనకు మా అత్త సంగతి తెలియదు.

తొరపాడిలో అత్తవాళ్ల ఇంట్లో తొమ్మిదేళ్లు ఉన్నాను. పిల్లలు లేరు. మా ఆయన నన్ను కొట్టిన ప్రతిసారీ అడ్డం పడింది అత్తే. (అలవాటు కొద్దీ ఆయన అంటున్నాను, మర్యాద ఏమీ లేదు.) ఒకసారి నాకు పడాల్సిన దెబ్బ ఆమె మణికట్టుకు తగిలింది. ఆ ఎముక విరిగి వంకరగానే అతుక్కుంది. చివరికి నన్ను గుడియాత్తం బస్సు ఎక్కించి మా అన్న ఇంటికి పంపింది కూడా ఆమే.

"పోమ్మా. ఇంగ ఈ గడప తొక్కొద్దు. వాడు మారేవాడు కాదు. కన్నది నేను, నాకు తెలీదా?" అంది.

విడాకులంటే ఒక సంతకం పెట్టి చేతులు దులుపుకోవడం అనుకున్నాను. మా పెద్దమ్మ కాలంలో నలుగురు పెద్దలు కూర్చుని తెగతెంపులు చేసేసేవాళ్లు. అన్న కూడా స్టాంపు పేపరు మీద రాయించుకుందాం అన్నాడు. "ఆ పేపరు పొట్లం కట్టను పనికొస్తుందప్పా" అని వకీలు నవ్వాడు. ఇద్దరూ ఒప్పుకుంటే ఒక దారి, ఒకరు కాదంటే ఇంకో దారి అని చెప్పాడు. మా ఆయన కాదన్నాడు. కాబట్టి కొట్టాడని నేను రుజువు చేయాలి. నా దగ్గర ఆస్పత్రి చీటీలు లేకపోలేదు. వాటిలో ఒకదాని మీద గేటు తగిలిందని, ఒకదాని మీద మెట్ల మీద జారానని ఉంది. నేను చెప్పిందే డాక్టరు రాశాడు. పరువు కోసం ఆడిన అబద్ధాలన్నీ మా ఆయనకు సాక్ష్యాలయ్యాయి. ఇక నాకు మిగిలింది అత్త.

కోర్టు ఫీజు పెద్దదేమీ కాదు. మనిషిని తినేది వాయిదా. ఆంబూరులో బూట్ల ఫ్యాక్టరీలో తోలు కుట్టే పని నాది. వాయిదా ఉన్న రోజు కూలీ పోతుంది, ఆ నెల హాజరు బోనసు పోతుంది. చెవి కమ్మలు వకీలు ఫీజుకు పోయాయి. ఆడవాళ్లకు ప్రభుత్వమే ఉచితంగా వకీలును పెడుతుందని కోర్టు వరండాలో గోడకు కాగితం అంటించి ఉంది. రెండేళ్లు నేను ఆ గోడకే ఆనుకుని కూర్చున్నాను. కాగితం నా తల వెనకే ఉంది. చదివేటప్పటికి కమ్మలు లేవు.

సాక్ష్యం చెప్పడానికి అత్త మూడుసార్లు వచ్చింది. ఒకసారి జడ్జి సెలవు. ఒకసారి వకీళ్లు కోర్టు బహిష్కరించారు. మూడోసారి అవతలి వకీలు టైము అడిగాడు. ఆమె మాత్రం ప్రతిసారీ టిఫిన్ డబ్బాలో పులుసన్నం కట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చేది. అప్పటికీ కొడుకు ఇంట్లోనే ఉంటోంది, వేరే పొయ్యి మీద వండుకుంటోంది. మెట్ల మీద కూర్చుని తింటుంటే అడిగింది.

"సాక్షికి బత్తా ఇస్తారంట కదా?"

"ఇస్తారత్తా, బస్సుకు సరిపోతాది."

"ఇన్నేండ్లు నా కొడుకు నా చేతిలో ఒక్క రూపాయి పెట్టిన పాపాన పోలేదు. వాణ్ణి గురించి చెప్తే గవర్మెంటు ఇస్తాదంట, చూడు!" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అవతల నిలబడి ఆయన మమ్మల్నే చూస్తున్నాడు.

నాలుగో వాయిదాకు ఆమె రాలేదు. కడుపులో గడ్డ. వేలూరు ఆస్పత్రిలో చేర్చారు, ఇక లాభం లేదన్నారు. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి నేనే దగ్గరున్నాను. ఆయన సాయంత్రం వచ్చి, మంచం కాళ్ల దగ్గర కాసేపు నిలబడి వెళ్లేవాడు. వకీలుకు చెబితే, కోర్టు ఒక కమిషనర్ను పంపుతుందని, ఆయన మంచం దగ్గరకే వచ్చి సాక్ష్యం రాసుకుంటాడని అన్నాడు. దానికీ ఒక పిటిషన్. దానికీ అవతలివాళ్లకు నోటీసు. వాళ్లు జవాబు చెప్పడానికి ఇంకో తేదీ.

అత్త రోజూ పాఠం అప్పజెప్పుకునేది. "మొదట కొట్టింది ఎడమ కన్ను మింద కదా? ఆ రోజు ఆడికృత్తిక పండగ కదా? తప్పు చెప్తే వాళ్లు పట్టుకుంటారు." నేను తడిగుడ్డతో ఆమె పెదవులు తడుపుతూ అవునత్తా, అవునత్తా అనేదాన్ని. నా దెబ్బల లెక్క నాకంటే ఆమెకే బాగా గుర్తుంది.

ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "నా దీపం నువ్వే పెట్టాల" అంది. మా ఇళ్లలో పోయిన మనిషిని పడుకోబెట్టిన చోట దీపం వెలిగిస్తారు. పదహారో రోజు కర్మ దాకా అది ఆరకూడదు. ఇంటి కోడలే కాపలా కాయాలి. ఆమెకు వేరే కోడలు లేదు, కూతురూ లేదు.

"నేనింగ కోడలేందత్తా, కేసు ఏసినాను కదా?"

"కేసు వాడి మింద ఏసినావు. నా మింద ఏసినావా?"

పిటిషన్ విచారణకు నాలుగు రోజుల ముందు ఆమె పోయింది.

నేను తొరపాడి పోయాను. "పదారు దినాలు ఆడుంటే రేపు కోర్టేమంటాది?" అని అన్న అరిచాడు. నోరు మూసుకోమన్నాను. హాల్లో దీపం పక్కనే చాప వేసుకున్నాను. ఆయన మిద్దె మీద పడుకునేవాడు. మా మధ్య పది మాటలు కూడా లేవు, అవీ నూనె గురించే. పదహారో రోజు ఎవరో బంధువు, మా ఇద్దరినీ అత్త పటానికి చెరోపక్కా నిలబడమని ఫోన్‌లో ఫోటో తీశాడు. నా బుద్ధి గడ్డి తిని నిలబడ్డాను.

ఆ ఫోటో కోర్టుకు వచ్చింది. నన్ను బోనెక్కించే ముందు వకీలు పక్కకు పిలిచాడు. "ఆ ఇంట్లో మళ్లీ ఉన్నానంటే, ఆయన చేసిందంతా నువ్వు మన్నించేసినట్టమ్మా చట్టంలో. రోజూ పొద్దున గుడియాత్తం నించి వచ్చి సాయంకాలం పోయినానని చెప్పు. ఒక్క మాట, అంతే." సరే అన్నాను. అంతకుముందు అన్నీ సరిగానే చెప్పాను కూడా. అవతలి వకీలు ఫోటో పక్కన పెట్టి, ఆ దీపం పదహారు రోజులూ ఎవరు చూశారని అడిగాడు. ఎంత తెలివైనవాడో!

"నేనే" అన్నాను.

"ఆ ఇంట్లోనే ఉన్నావా?"

"ఉన్నాను."

మా వకీలు ఫైలు మూశాడు. వకీలు నేర్పినట్టు చెప్పాలంటే, రాత్రుళ్లు ఆ దీపాన్ని వేరే ఎవరో కాశారని చెప్పాలి. నా కోసం కన్నకొడుకు మీద నిజం చెప్పడానికి ఆమె మూడుసార్లు ఆ మెట్లెక్కింది. ఆమె దీపం మీద నేను అబద్ధం ఎలా ఆడను?

కేసు కొట్టేశారు. తీర్పు ఇంగ్లీషులో ఉంటే ఫ్యాక్టరీ ఆఫీసు అమ్మాయి చదివి చెప్పింది. సాక్ష్యం చాలదు, పైగా అత్త చనిపోయినప్పుడు నేను బాధ్యత గల భార్యగా ఆ ఇంట్లో ఉండి అన్నీ చేశాను అని ఉంది. పెళ్లయిన నాటి నుంచి నన్ను ఎవరూ మంచి భార్య అనలేదు. అలా అన్న ఒక్కసారీ ఇలా తగలడింది. అప్పీలుకు చెన్నై పోవాలన్నారు. అమ్మడానికి నా ఒంటి మీద ఏమీ లేదు.

ఏడాది దాటాక ఆయనే కబురు పెట్టాడు. ఎవరో పిల్లనిస్తామన్నారట, ఇప్పుడు విడాకులు ఆయనకే కావాలి. నేను మనోవర్తి అడగకూడదు, పెళ్లిలో పెట్టిన నగలు అడగకూడదు. సరే అన్నాను. వదిలితే చాలనుకున్నాను. ఇద్దరూ ఒప్పుకున్నా ముందు ఏడాది విడిగా ఉండాలని, కేసు వేశాక ఇంకో ఆరు నెలలు ఆగాలని వకీలు చెప్పాడు.

"నేను బయటికొచ్చి ఐదేండ్లయింది కదా సార్?"

"ఆ పదారు దినాలు తీర్పులో ఎక్కినాయి కదమ్మా. పదిహేడో దినం నించే లెక్క. అట్లయినా ఏడాది దాటిందిలే."

ఆరు నెలల తరువాత జడ్జి ఇద్దరినీ నిలబెట్టి, ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారని అడిగారు. ఇద్దరమూ ఒకే తేదీ చెప్పాం. అత్త కర్మ మరునాడు. విడాకుల కాగితంలోనూ అదే రాశారు. గుడియాత్తం బస్సులో ఆ తేదీ చూసుకుంటూ గట్టిగా ఏడ్చాను, పక్కావిడ లేచి వేరే సీటుకు పోయింది. అన్నేళ్లలో ఆ కోర్టు నా గురించి రాసిన నిజం అదొక్కటే. ఆ ఇంట్లో నేను కాపురం చేసింది మా అత్తతోనే. ఆమె పోయాకే విడిపోయాను.