దానంతటదే మోగే పెట్టె

మనవడికి మొదటి ఎలక్ట్రిక్ గిటారు కొనడానికి వెళ్లాం. తీగ ముట్టకముందే యాంప్లిఫయరు గుయ్యిమంది.

నా చిన్నప్పుడు, పంతొమ్మిదివందల నలభైల్లో, గవర్నర్‌పేట దుకాణంలో, నాన్న నాకోసం హార్మోనియం ఎంచుతున్నారు. మెట్లేవీ నొక్కకుండా ఒక్కో పెట్టె తిత్తి మాత్రం ఆడిస్తుంటే, నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఒకటి కిక్కురుమనలేదు. ఇంకోటి దానంతటదే మోగింది.

"ఇదే కొను నాన్నా! నేర్చుకోకుండానే పాడుతుంది!"

"అడక్కుండా కూసేదానివి ఇంట్లో నువ్వున్నావు, చాలదూ?" అని నాన్న మూగదాన్నే కొన్నారు.

దారంతా ఏడ్చాను. ఇంటికొచ్చి కసిగా ఒక మెట్టు నొక్కితే ఒకే స్వరం పలికి, వేలు తియ్యగానే ఆగింది. మళ్లీ నొక్కాను. అన్నానికి పిలిచినా లేవలేదు. గాలి కారే పెట్టెలే ఊరికే మోగుతాయని చాలాకాలానికి తెలిసింది.

"సౌండ్ అదిరింది కదా అమ్మమ్మా?" అన్నాడు మనవడు.

నేను దుకాణం అబ్బాయి వైపు తిరిగాను. "ముట్టుకుంటే తప్ప నోరెత్తనిది చూపించు బాబూ."