నాన్నలు చేరిన కెమిస్ట్రీ గ్రూప్

నిన్న పొద్దున మన్నెగూడ దాటుతుండగా కాలేజీకి వెళ్ళే బస్సులో ఉన్నాను. వసుంధరక్క నంబర్ నుంచి ఫోన్.

"ఏంటక్కా, ఇవాళ కూడా నాకంటే ముందే చేరిపోయావా?" అన్నాను.

అవతల వాళ్ళాయన. "అక్క లేదమ్మా" అన్నారు.

హార్ట్ ఎటాక్. దవాఖానకి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట.

ఇబ్రహీంపట్నం వచ్చింది, అందరూ దిగారు. కండక్టర్ వచ్చి పిలిచేదాకా నేను సీట్లోనే ఉన్నాను.

నిన్నంతా ఏడ్చాను. ఈ రోజు మాత్రం గర్వంగా రాస్తున్నాను. ఎందుకంటే అక్క గెలిచి వెళ్ళింది.

తెలియనివాళ్ళకి చెప్తాను. అక్క మా మహిళా డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్, నేను ఎకనామిక్స్. మాది గుంటూరు వైపు. నా నోట్లోంచి "అండీ" వస్తే చాలు, "ఎవరికే గంత మర్యాద?" అని స్టాఫ్‌రూమ్ అంతా వినేలా నవ్వేది.

కాలేజీకి డిజిటల్ బోర్డు వచ్చినప్పుడు దుమ్ము పడుతుందని మేమంతా దానికి దుప్పటి కప్పి ఉంచాం. దాన్ని లాగి అవతల పడేసింది అక్కే.

లాక్‌డౌన్‌లో క్లాసులు ఆగిపోయాయి. అక్క వంటింట్లో ఫోన్‌ని పప్పు డబ్బాకి ఆనించి పాఠాలు రికార్డ్ చేసింది. అడ్మిషన్ ఫారాల్లో ఉన్న నంబర్లన్నీ కలిపి వాట్సాప్ గ్రూప్ పెట్టింది. "హాయ్ గర్ల్స్" అని మొదటి వీడియో వదిలింది.

జవాబులు వచ్చాయి. "నమస్తే మేడం." "గుడ్ మార్నింగ్" అని గులాబీ పువ్వులు. ఒకాయన ట్రాక్టర్ అమ్మకానికి ఉందని ఫొటో కూడా పెట్టాడు.

ఆ నంబర్లన్నీ నాన్నలవి! మా ఆడపిల్లల్లో ఎవరికి సొంత ఫోన్ ఉంది గనక?

మేం పడీ పడీ నవ్వాం. ఆ గ్రూప్ తీసేసి వేరేది పెట్టమన్నాం.

"ఎందుకు తీస్త? ఉండనియ్" అంది అక్క. "పిల్ల కాలేజీకి రావాల్నంటే ముందుగాల బాపు రావాలె. వచ్చినోళ్ళని ఎల్లగొడ్తరా ఎవరన్న?"

అంతటితో ఊరుకోలేదు. పాఠం రాగానే ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు "అందింది" అని రాయాలని రూల్ పెట్టింది. రాయకపోతే ఫోన్ చేసి మరీ అడిగేది. ఆ బాధ పడలేక అందరికీ అలవాటైపోయింది.

కాలేజీ తెరిచాక కూడా గ్రూప్ ఆగలేదు. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు క్లాసుకి రాలేని పిల్లలుంటారు కదా. తర్వాత ప్రిన్సిపాల్ గారి వెంటపడి బోనఫైడ్, పరీక్ష ఫీజు, బస్ పాస్ కాగితాలు అన్నీ ఫోన్‌లోకే తెచ్చింది. ఒక్క సంతకం కోసం కూలి పోగొట్టుకుని వచ్చే బాధ తప్పింది.

ఇప్పుడు మమత సంగతి.

ఫైనల్ ఇయర్‌లో ఉండగా ఆ పిల్లకి సంబంధం కుదిరింది. చదువు మాన్పించి పెళ్ళి చేసేయాలని వాళ్ళ నాన్న యాదయ్య ఆలోచన. అక్క ఎంత చెప్పినా ఆయన పొలం పనుందని తప్పించుకునేవాడు. మమత కాలేజీకి రావడం మానేసింది.

ఓ రోజు యాదయ్యే బండేసుకుని కాలేజీకి వచ్చాడు. స్టాఫ్‌రూమ్ గుమ్మంలో తలదించుకుని నిలబడ్డాడు. టీసీ కోసమే అనుకున్నాం. అక్క మొహం మాడిపోయింది.

"టీసీ కోసం వచ్చినవా యాదన్నా?"

"టీసీ గాదు మేడం. నిన్నటి పాఠం నేనే విన్న, అందింది అని గూడ పెట్టిన. ఫోన్ నిండిందని పువ్వుల ఫొటోలతోని దాన్ని గూడ డిలీట్ కొట్టిన. పిల్ల నాట్లకెల్లి వచ్చి అడిగింది. లేదంటే ఒకటే ఏడుపు. జర మల్ల పంపుండ్రి."

ఒక్క మెసేజ్ పెడితే సరిపోయేది. ఆయన పొలం వదిలి అంత దూరం వచ్చాడు!

అక్క అక్కడికక్కడే పంపింది. అది పూర్తిగా దిగేదాకా ఆయన ఫోన్ వంకే చూస్తూ నిలబడ్డాడు.

"మరి పెండ్లి ముచ్చటేంది?" అంది అక్క మెల్లగా.

"చదువైనంకనే అని చెప్పి వచ్చిన మేడం. ఆగుతె ఆగుతరు, లేకుంటె ఇంకో సంబంధం దొరుకుతది. పాఠం పోతెనే గంత ఏడ్చింది, చదువే పోతె ఆ పిల్ల ఏంగావాలె?"

ఆయన వెళ్ళగానే అక్క స్టాఫ్‌రూమ్‌లో చప్పట్లు కొట్టింది. మేమూ కొట్టాం. ఆ రోజు అందరికీ మిర్చి బజ్జీలు అక్క ఖాతాలోనే.

మమత డిగ్రీ పాసైంది, ఎమ్మెస్సీ చేసింది. ఈ ఏడాది మా కాలేజీలోనే గెస్ట్ లెక్చరర్‌గా చేరింది. సబ్జెక్టు వేరే చెప్పాలా?

నిన్న సాయంత్రం అక్కని సాగనంపడానికి పూర్వ విద్యార్థులు వచ్చారు. వాళ్ళకంటే ఎక్కువగా వాళ్ళ నాన్నలు వచ్చారు. కూతుళ్ళ చదువులు ఎప్పుడో అయిపోయినా వాళ్ళెవరూ ఆ గ్రూప్ వదల్లేదు.

ఈ రోజు సంతాపంగా కాలేజీకి సెలవు. అయినా అక్క క్లాసు టైముకి గ్రూప్‌లో వీడియో వచ్చింది. మమత. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, గొంతు మాత్రం తడబడలేదు. అక్క సగంలో ఆపిన పాఠం అక్కణ్ణుంచే మొదలుపెట్టింది.

కింద మొదటి మెసేజ్ యాదయ్యది.

"అందింది."

తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ఇది రాస్తుంటే ఇంకా వస్తూనే ఉన్నాయి. పువ్వులు ఒక్కరూ పెట్టలేదు.

అక్కా, నీ పాఠం అందింది. ఇక ఏ ఫికరూ లేకుండా హాయిగా విశ్రాంతి తీసుకో.