వెజిటేరియన్ ఇంట్లో తుపాకీ

మా ఇంట్లో కోడిగుడ్డు కూడా ఉడకదు. అలాంటి ఇంటి యజమానినైన నేను మిషిగన్‌లో జింకల వేటకి లైసెన్స్ తీసుకున్నాను. ఎవరికైనా చెబితే నవ్వుతారని తెలుసు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా.

దీనంతటికీ మూలం బంగారం. మేముండే ట్రాయ్‌లో మా వీధి చివరుండే తెలుగువాళ్ళు పెళ్ళికని వేరే ఊరెళ్ళి వచ్చేసరికి ఇల్లు గుల్లయింది. టీవీ ముట్టుకోలేదు, లాప్‌టాప్‌లు ముట్టుకోలేదు, నగలు మాత్రం ఊడ్చుకుపోయారు. మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకి తెలిసిపోయిందంటూ వాట్సాప్ గ్రూపులో ఒకటే గగ్గోలు. మా ఆవిడ కెమెరాలు పెట్టిద్దామంది. కెమెరా దొంగని ఫోటో తీస్తుంది గానీ ఆపుతుందా అని నేను వెటకారం చేశాను. ఆ ఊపులోనే తుపాకులమ్మే వెబ్‌సైట్లు చూడటం మొదలుపెట్టాను.

నేను కార్ల బ్రేకులు డిజైన్ చేసే ఇంజినీర్ని. రూల్ అంటే నాకు మహా ఇష్టం. తెలిసినవాళ్ళలో ఎవరికి వీసా సందేహమొచ్చినా ముందు నాకే ఫోన్ చేస్తారు. లాయరు డబ్బు తీసుకుని చెప్పేది నేను ఊరికే చెబుతాను, పైగా నాలుగు తిట్లు కూడా తిడతాను. తుపాకుల చట్టాన్ని కూడా అలాగే చదివాను. నాలాగా హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్ళు మామూలుగా తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. కానీ ఒక మినహాయింపు ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే కొనుక్కోవచ్చు. ఆ వాక్యం కంటబడగానే నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. తుపాకీ మీద కన్నా, ఆ సందు కనిపెట్టిన నా తెలివి మీదే నాకు మోజెక్కువని ఇప్పుడనిపిస్తుంది.

ఆఫీసు పనుందని చెప్పి వేటగాళ్ళకి పెట్టే సేఫ్టీ క్లాసుకి వెళ్ళాను. జింకని కోసి శుభ్రం చేయడం ఎలాగో తెర మీద చూపిస్తుంటే కళ్ళు మూసుకుని కూర్చున్నాను. జింక మాంసం రుచి చూశావా అని పాఠం చెప్పేవాడు అందరి ముందూ అడిగాడు. "ఇంకా లేదండి" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆన్‌లైన్‌లో కొన్నంత మాత్రాన షాట్‌గన్ మన గుమ్మంలోకి రాదు. లైసెన్సున్న కొట్టుకి వస్తుంది. మనం అక్కడికి వెళ్ళి, గుర్తింపు కాగితాలు చూపించి, అడిగినవాటికి నిజాలు రాసి, వాళ్ళు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేశాక తెచ్చుకోవాలి. మా రాష్ట్రంలో అయితే పోలీసుల దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి. అన్నీ తు.చ. తప్పకుండా చేశాను. విడిభాగాల లెక్క వేరు. తుపాకీలో నంబరు చెక్కి ఉండే భాగాన్ని రిసీవర్ అంటారు. చట్టం దృష్టిలో ఆ ఒక్క ముక్కే తుపాకీ, విడిగా కొన్నా అది కొట్టుకే రావాలి. భుజానికి ఆనించుకునే రబ్బరు దిమ్మ, తగిలించుకునే పట్టీ, గొట్టం తుడిచే కడ్డీ లాంటివి మాత్రం చెప్పులొచ్చినట్టు ఇంటికే వచ్చేస్తాయి.

"మళ్ళీ ఏవో డబ్బాలొచ్చాయి, ఏంటండీ అవి?" అని మా ఆవిడ అడిగేది.

"పార్ట్స్" అనేవాణ్ణి.

బ్రేకుల ఇంజినీరు ఇంటికి పార్ట్స్ రావడంలో వింతేముంది? ఆమె మళ్ళీ అడిగేది కాదు. నేనూ అబద్ధం చెప్పలేదని సంతోషపడేవాణ్ణి. అవి పార్ట్సే కదా.

బేస్‌మెంట్‌లో కోడ్ నొక్కితే తెరుచుకునే ఇనప బీరువా ఒకటి పెట్టించి తుపాకీ అందులో ఉంచాను. ఇంట్లో మైనరు పిల్లలుంటే తాళం వేసి ఉంచడం రూలు. మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఇంకో రూలు మా ఆవిడ గురించి. ఆమెదీ నా మీద ఆధారపడిన వీసాయే, పైగా వేట లైసెన్స్ లేదు, కాబట్టి తుపాకీ ఆమె చేతికి అందకూడదు. ఈ రూలు నాకు భలే కలిసొచ్చింది. అందకూడదన్న మాటని తెలియకూడదన్న మాటగా నాకు నేనే తర్జుమా చేసుకున్నాను. బీరువాలో ఆఫీసువాళ్ళ కొత్త మోడల్ సామాను ఉంది, కాన్ఫిడెన్షియల్ అని చెప్పాను. అది మాత్రం పచ్చి అబద్ధం.

ఆ ఏడు అమ్మాయి కొత్త బడికి మారింది. చాన్నాళ్ళు ఒంటరిగానే తిరిగింది. చివరికి ఒక అమెరికన్ పిల్ల స్నేహం కుదిరింది. శనివారం ఆ పిల్ల మా ఇంట్లో పడుకోవడానికి వస్తానంది. మా అమ్మాయి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. వారం ముందునుంచే గాలి పరుపు నింపి చూసుకుంటోంది.

గురువారం సాయంత్రం ఆ పిల్ల తల్లి ఫోన్ చేసింది. మా ఆవిడ స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతోంది. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. తన కూతురికి వేరుశనగ పడదని, పిల్లిని చూస్తే భయమని చెప్పాక, మామూలు గొంతుతోనే ఆవిడ మీ ఇంట్లో తుపాకులేమైనా ఉన్నాయా అని అడిగింది. ఇక్కడి తల్లులు పిల్లల్ని పంపేముందు అలా అడుగుతారు.

మా ఆవిడ పకపకా నవ్వింది. "అయ్యో, నో నో! వుయ్ ఆర్ వెజిటేరియన్స్!" అంది.

ఆవిడా నవ్వింది. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. అప్పుడు నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. ఈనె తీసి గిన్నెలో వేశాను. ఆ నవ్వులో ఉన్న ధీమా గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. మనింట్లో అలాంటివి ఎందుకుంటాయన్న ధీమా అది. నా మీద పెట్టుకున్న ధీమా.

ఆ ఫోన్ పెట్టేశాక కూడా నా బుద్ధి రూలు చుట్టూనే తిరిగింది. శనివారం పొద్దున తుపాకీని కొన్న కొట్టులోనే దాచమని ఇచ్చి వస్తే, ఆ పిల్ల వచ్చేసరికి మా ఇంట్లో తుపాకీ ఉండదు. మా ఆవిడ చెప్పిన మాట నిజమైపోతుంది. శనివారం తెల్లారగానే పొడుగాటి పెట్టెని గరాజ్‌లోకి తెచ్చి కారు డిక్కీలో పెడుతుంటే, చెత్తబుట్ట పట్టుకుని మా ఆవిడ వచ్చింది.

"ఏంటండీ అది?"

పార్ట్స్ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆమె కళ్ళలోకి చూసి అనలేకపోయాను. "తుపాకీ" అన్నాను.

ఆమె అరవలేదు. చెత్తబుట్ట కింద పెట్టి, చెప్పుల అరుగు మీద కూలబడింది. నేను గబగబా వేట లైసెన్స్ గురించీ, బీరువా గురించీ చెప్పుకుపోయాను. రూల్ ప్రకారం అది నీకు అందకూడదు, అందుకే చెప్పలేదన్నాను.

"కోడ్ నాకు చెప్పొద్దంది రూలు, సరే. ఉందని కూడా చెప్పొద్దందా?"

వీసా ఫోన్లలో ఊరందరికీ గంటలు గంటలు క్లాసు పీకేవాణ్ణి, గరాజ్‌లో డిక్కీ మూత పట్టుకుని నిలబడ్డాను.

"ఆవిడతో లేదని చెప్పాను. నవ్వి మరీ చెప్పాను. ఇప్పుడు ఫోన్ చేసి మీరే చెప్పండి" అంది.

పోనీ ఇంకోసారి పిలుద్దాంలే అని గొణిగాను. ఆమె అప్పటికే నంబరు నొక్కి ఫోన్ నా చేతిలో పెట్టింది.

చెప్పాను. ఉందని, తాళంలో ఉందని, మా ఆవిడకి తెలియదని. ఆవిడ చాలా మర్యాదగా, మా ఇంట్లో కూడా రెండున్నాయండీ, మా ఆయన వేటకి వెళ్తారు, ఎక్కడున్నాయో ఇంట్లో అందరికీ తెలుసు అంది. తుపాకీ ఉండటం ఇబ్బంది కాదట. పక్కన కాపరం చేసే మనిషికే తెలియని ఇంటికి పిల్లని పంపలేనంది. నిజం చెప్పినందుకు థాంక్స్ కూడా చెప్పింది.

ఇంట్లోకి వచ్చేసరికి అమ్మాయి మెట్ల మీద నిలబడి ఉంది. "మామ్, తను ఏ టైమ్‌కి వస్తుంది?" అని అడిగింది.

"నాన్న చెప్తారు" అని మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పాను. అరుస్తుంది, ఏడుస్తుంది, అంత కాలానికి దొరికిన ఒక్క ఫ్రెండ్‌నీ పోగొట్టావంటుంది అనుకున్నాను. అవేవీ అనలేదు. వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"అమ్మకి కూడా తెలీదా?"

"తెలీదు" అన్నాను.

లేచి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది.