కర్ర లివరు

టైరు ఊడదీసే ముందు సైకిల్ మేస్త్రి దాని అంచును బొటనవేలితో నొక్కి చూస్తాడు. మోటు టైరుకు ఇనుప లివరు తీస్తాడు. సన్నటి రేసు టైరుకైతే రిమ్ముకు గాటు పడకుండా ప్లాస్టిక్‌ది. చనిపోయిన తమ్ముడు చెక్కుకున్న కర్ర లివరు మాత్రం మేకుకే వేలాడుతుంది, దాన్నెవరినీ ముట్టనివ్వడు. తొడిగాక టైరు మీది కంపెనీ పేరు చక్రానికి గాలి ఎక్కించే గొట్టం పక్కకే రావాలని అతని పట్టుదల. తమ్ముడు మొండిగా ఎదురువైపుకు పెట్టేవాడు. ఆ ఒక్క విషయంలో అన్నదమ్ములిద్దరూ ఉప్పూ నిప్పూ.

ఈ ఉదయం ఒకామె పంక్చరైన రేసు సైకిల్ తెచ్చింది. పేరు ఎదురువైపుంది.

"ఈ టైరు ఎవరు తొడిగారమ్మా?"

"మీ కొట్లోనే కదన్నా, నిన్న! అచ్చం మీ పోలికే. కర్రముక్కతో చిటికెలో ఎక్కించేశాడు."

నిన్నంతా కొట్టుకు తాళమే. మేస్త్రి మేకు వైపు చూశాడు. కర్ర లివరు కొసకు కొత్త రబ్బరు నలుపు అంటుకుని ఉంది.

సాయంత్రం వెళ్తూ అతను కొట్టు తలుపులు దగ్గరగా వేశాడు గానీ, తాళం వెయ్యలేదు.