బోర్డులు రాని గోడ

లారీ కొండ సగంలో దింపేసింది. అక్కడి నుంచి సరిహద్దు పోస్టు దాకా నడకే. తెలంగాణ వచ్చిన తర్వాతి చలికాలం. మంచు ఇంకా పడలేదు కానీ, గాలికి కళ్లలో వచ్చిన నీళ్లు చెంప మీదే గడ్డకట్టేవి. ఒంటి మీద పార్కా కోటు. వెనక కంచర గాడిదల మీద వెల్డింగు సామాను. మాది కట్టంగూరు. చదువు పెద్దగా అబ్బలేదు. ఫౌజులో నేను వెల్డర్‌ను.

సుబేదార్ సాబ్ ఒక ఇనుప గది చూపించాడు. రేడియో సెట్టు అందులోకి మారాలి. చలి ఆపడానికి గోడల లోపలివైపు ఉన్ని పరుపు వేసి, పైన చెక్క బోర్డులు బిగించాలి. దారి మంచుతో మూసుకుపోయేలోపు అయిపోవాలి. గోడకు ఒక్క రంధ్రం కూడా పెట్టవద్దన్నాడు. రంధ్రం పెడితే గాలి దూరుతుంది, నీళ్లు దూరుతాయి. అందుకే స్టడ్డులు.

స్టడ్డంటే తల లేని బోల్టు. ఒక కొసకు మరలు, రెండో కొసకు చిన్న ముక్కు. దాన్ని వెల్డింగు గన్నులో పెట్టి, ముక్కు చుట్టూ పింగాణీ ఉంగరం తొడిగి, గోడకు ఆనించి మీట నొక్కాలి. స్టడ్డు కొంచెం వెనక్కి జరుగుతుంది. ఆ సందులో మంట పుట్టి, స్టడ్డు కొసా గోడా రెండూ కరుగుతాయి. వెంటనే స్ప్రింగు దాన్ని ఆ కరిగిన ఇనుములోకి నెడుతుంది. అంతా రెప్పపాటులో. ఇనుము జారిపోకుండా ఉంగరం కాస్తుంది. చల్లారాక ఉంగరాన్ని తట్టి పగలగొడితే, మొదలు చుట్టూ తెగని అంచు మెరవాలి. ఆ తర్వాత బోర్డు ఎక్కించి, వాషరు వేసి, నట్టు బిగిస్తే ఊడదు.

మొదటి రోజు కొట్టినవన్నీ సుత్తి దెబ్బకు రాలిపోయాయి. ఉంగరాలు దారిలో చెమ్మ తాగాయి. చెమ్మ ఉంటే మంట చిటపటలాడుతుంది, అతుకులో బుడగలు పడతాయి. ఆరబెడదామంటే ఎండ లేదు. లాంగరీ దగ్గరికి పోయాను. లాంగరీ అంటే మా వంటవాడు, పాలమూరు దిక్కువాడు.

"ఏందన్నా, నా పెనం మీద గాజుముక్కలు ఏంచాల్నా?"

"పల్లీలు ఏంచినట్టు ఇసుకల ఏంచు. తేమ పోవాలె."

"ఏంచినంక తినొచ్చా?"

"తిను. నీ చపాతీల కంటే మెత్తగనే ఉంటయి."

తిట్టుకుంటూనే వేయించి ఇచ్చాడు. స్టడ్డులు నిలిచాయి.

తర్వాత జనరేటరు గోల. గన్ను నొక్కినప్పుడల్లా దాని ఊపిరి ఆగి, రేడియో సెట్టు మూగబోయేది. సెట్టు దగ్గర కూర్చునేది మా జిల్లా కుర్రాడే, ఊరు హాలియా. హాలియా తమ్మి అనేవాణ్ణి. కిందటి చలికాలం ఇదే పోస్టులో చలికి అతని కాలివేళ్లు నల్లబడ్డాయి. ఆ గదిలో చలికాలమంతా ఉండాల్సింది అతనే. అయినా అతనే నన్ను ఆపాలి.

"అన్నా, నొక్కకు. కింది క్యాంపు సాబ్ సెట్టుల మాట్లాడుతున్నడు."

"ఎప్పుడు ఒడుస్తది?"

"జలుబు ముచ్చట చెప్తున్నడు. జల్ది ఒడువది."

"నీ గదే గదరా నేను చేసేది."

"నాకెరుకనే. నా కాళ్లకు ఇంకా మంచిగెరుక."

గన్ను చేతిలో పట్టుకుని నిలబడేవాణ్ణి. వేడి చేసి పెట్టిన గోడ మళ్లీ చల్లబడేది. అలా సందు దొరికినప్పుడల్లా కొడుతూ నాలుగు గోడలూ నింపాను. సుబేదార్ సాబ్ సుత్తితో కొట్టి చూశాడు. స్టడ్డులు వంగాయి కానీ ఊడలేదు. భుజం తట్టాడు.

ఇక బోర్డులు రావాలి. హాలియా తమ్మి రోజూ కింది క్యాంపును సెట్టులో అడిగేవాడు.

"బోర్డులు ఎక్కడ? ఓవర్."

"దారిలో ఉన్నాయి. ఓవర్."

ఎప్పుడూ అదే మాట. సుబేదార్ సాబ్ తానే సెట్టు పట్టుకుని అరిచినా అదే మాట. తీరా కంచర గాడిదలు మోసుకొచ్చిన మూటలు విప్పితే ఉన్నీ లేదు, బోర్డులూ లేవు. అన్నీ నట్లు, వాషర్లు. నేలకేసి కొట్టాలనిపించింది. ఆ సాయంత్రం మంచు మొదలైంది. పని అయినవాళ్లు పొద్దున్నే దిగిపోవాలని హుకుం వచ్చింది. రేడియో మాత్రం ఆ గదిలోకే మారింది.

పొద్దున సెలవు చెప్పుదామని గదిలోకి పోయాను. బుఖారీ పొయ్యి వెలుగుతూనే ఉంది, ఆ వేడి గోడ దాకా చేరడం లేదు. హాలియా తమ్మి రాత్రే తన తడి మేజోళ్లు నా స్టడ్డులకు తగిలించాడు.

"బోర్డులు రాకపోతే రాకపాయె. దండేనికి పనికొచ్చినయి," అన్నాడు.

నాకు నవ్వు రాలేదు.

ఫౌజులో గడువు తీరి ఇంటికొచ్చాక చౌటుప్పల్‌లో ఒక ఫ్యాక్టరీలో కుదిరాను. మందులు ఆరబెట్టే గదికి అవే స్టడ్డులు, అదే ఉన్ని. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి రేకులు కూడా బిగించేశాం. మందులకు దొరికిన వెచ్చదనం ఆ కొండ మీద మనిషికి దొరకలేదు.

హాలియా తమ్మి మరుసటి ఎండాకాలం ఇల్లు చేరాడు. కుడికాలికి రెండు వేళ్లు తీసేశారు. చూడడానికి పోతే పొలం గట్టు మీద పక్కకు ఒరిగి నడుస్తూ ఎదురొచ్చాడు.

"అన్నా, నీ స్టడ్డులు ఒక్కటి సుత ఊడలే," అన్నాడు.

మెచ్చుకోలుగానే అన్నాడు.  ఆ పొద్దున చూసిన గోడే కళ్ల ముందుకొచ్చింది. స్టడ్డు స్టడ్డుకూ తెల్లటి మంచు పూత. వాటికి వేలాడుతున్న మేజోళ్లు గడ్డకట్టి, మడమ దగ్గర వంపు, వేళ్ల దగ్గర ఉబ్బు, లోపల కాళ్లు ఉన్నట్టే.