టెట్రా గది

కె.ఆర్.పురం దగ్గర వెంకటరాయప్ప వర్క్‌షాపులో కిటికీలు లేని గది ఒకటి ఉండేది. అందులో కూర్చుని దేవదాసు ఇనుప సామాన్లకంటిన గ్రీజును టెట్రా అనే ద్రావకంతో కడిగేవాడు. 1966లో ఒళ్ళంతా పచ్చబడి చనిపోయాడు. సమాధుల తోటకు వచ్చిన వెంకటరాయప్ప అందరూ వింటుండగానే, "తాగి తాగి లివరు పాడుచేసుకున్నాడప్పా, నేనేం చేసేది?" అన్నాడు.

దేవదాసు జన్మలో సారా ముట్టలేదు. ఆ మాటతో చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. తల్లి ఆదివారాలు ఇంట్లోంచి కదలడం మానేసింది. అక్క ఎస్తేరు ఏడవలేదు. పళ్ళు బిగబట్టుకుని తిరిగింది.

ఆమె ఆస్పత్రిలో నర్సు. తమ్ముడికి ఏమైందో చెప్పమని డాక్టర్ ఆనందరావును అడిగింది.

"ఒంట్లో చేరినదాన్ని విరగ్గొట్టి బయటికి పంపడం కాలేయం పని. అందులోని ఎంజైములు టెట్రానీ అలాగే విరగ్గొడతాయి. అలా విరిగినప్పుడు పుట్టేదే అసలు విషం. పుట్టినచోటే, కాలేయాన్నే తినేస్తుంది."

"తాగేవాళ్ళకైతే?"

"వాళ్ళకు మరీ ప్రమాదం. దేవదాసుకి ఏళ్ళు పట్టింది. తాగుబోతుకి ఒక్క పూట చాలు."

వెంకటరాయప్ప పొద్దున లేస్తే బ్రాందీ పుచ్చుకుంటాడని తమ్ముడు చెప్పేవాడు. ఎస్తేరు మర్నాడే వర్క్‌షాపుకు వెళ్ళింది. పనివాళ్ళంతా అన్నాలకు కూర్చుని ఉన్నారు.

"తాగి చచ్చిపోయినాడంటిరి, అంటే ఆ గదిలో ఏం దోషం లేదనే కదా సార్? మా తమ్ముడు కూర్చున్న చోట ఒక్క పూట కూర్చోండి. తలుపేసుకుని."

"పోమ్మా, పని చూసుకో."

"భయమా సార్?"

పనివాళ్ళలో ముసలి పిల్లప్ప తలవంచుకుని నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. వెంకటరాయప్ప ముఖం ఎర్రబడింది. "ఆడదానికి భయపడేదా నేను!" అంటూ లోపలికి పోయాడు. తలుపు ఎస్తేరే వేసింది. లోపల దగ్గు మొదలైంది. ఆమె గడియ వైపు చూసింది కానీ తియ్యడానికి చెయ్యి చాపలేదు.

ఆ వారంలోనే అతణ్ణి ఆమె వార్డుకే తెచ్చారు. కళ్ళు పచ్చగా ఉన్నాయి, మూత్రం బందయింది.

"బతుకుతానా సిస్టర్?" అని చెయ్యి పట్టుకున్నాడు.

ఎస్తేరు చెయ్యి విడిపించుకుని, బయట కూర్చోబెట్టిన తల్లినీ, చర్చి ఆడవాళ్ళనూ లోపలికి పిలిచింది.

"ముందు వీళ్ళకు చెప్పండి. మా తమ్ముడు దేంతో చచ్చిపోయినాడు?"

అతను గోడ వైపు తిరిగాడు. ఆమె కదల్లేదు. చివరికి, "తాగి కాదు తల్లీ," అన్నాడు. "నా టెట్రాతోనే. ఆ గదిలో గాలి లేకుండా ఉండాది." తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది.

అతను బతికాడు. టెట్రా మాన్పించి, గోడలు పగలగొట్టించి కిటికీలు పెట్టించాడు.

ఆనందరావు మాత్రం ఎస్తేరును తన గదిలోకి పిలిచాడు. "నేను చెప్పినదంతా తెలిసే అతణ్ణి లోపల కూర్చోబెట్టావా?"

"తెలిసే కూర్చోబెట్టినాను డాక్టరుగారూ. చచ్చినా సరే అనుకున్నాను."

 ఆయన ఆమెను రోగులు లేని స్టోరు పనికి మార్పించాడు. ఎస్తేరు ఎందుకని అడగలేదు. క్షమాపణ కూడా చెప్పలేదు.